మూట కట్టేవాడి వైరాగ్యం

ఇల్లు మారాలనుకున్నవాళ్లు ఇప్పుడు ప్యాకర్స్ అండ్ మూవర్స్‌కి ఫోన్ చేస్తారు. అనుకున్న రోజు పొద్దున్నే నలుగురైదుగురు కుర్రాళ్లు అట్టపెట్టెలు, బబుల్ రాప్, టేపు చుట్టలు పట్టుకుని దిగుతారు. మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ. వాళ్ల పనితనం గురించి మెచ్చుకోలూ వెటకారమూ కలిసిన మాట ఒకటి ప్రచారంలో ఉంది, చెత్తబుట్టని చెత్తతో సహా సర్దేస్తారని. సర్దాల్సిందే మరి. ఏది చెత్తో ఏది కాదో తేల్చడం వాళ్ల పని కాదు. తేల్చబోతే మనమే ఊరుకోం. పగలకుండా చేర్చడం వరకే వాళ్ల ఒప్పందం. చేర్చదగిన వస్తువేనా అన్న ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్న ఇంటివాళ్లది. దాన్ని అడగకుండా దాటేయడానికి ఇప్పుడున్నంత వీలు మునుపెన్నడూ లేదు. ఇది డబ్బుకీ సౌకర్యానికీ సంబంధించిన చిన్న సంగతిలా కనిపిస్తుంది గాని, తరచి చూస్తే ధర్మచింతనలో చాలా పాత చిక్కు ఇందులో ఉంది. అపరిగ్రహమనీ వైరాగ్యమనీ త్యాగమనీ మన గ్రంథాలు దేన్ని పొగిడాయో దాన్ని సంసారి అన్నవాడు ఆచరించి చూసుకోగల చోట్లు బహు కొద్ది. తన సామాను తాను సర్దుకోవడం ఆ కొద్దిలో ఒకటని నా వాదం. విడిచిపెట్టడం గుత్తగా జరిగే పని కాదు. ఒక్కో వస్తువునీ చేతిలోకి తీసుకుని ఇది కావాలా, అసలు ఎవరిది, ఇక మీదట ఎవరికి చెందాలి అని అడిగినప్పుడే జరుగుతుంది.

తైత్తిరీయ సంహిత మూడో కాండ నాలుగో ప్రపాఠకంలో కాపురం ఎత్తేయడం గురించి ఒక భాగముంది. తెలుగు వైదికుల్లో ఎక్కువమందిది తైత్తిరీయ శాఖే. అయినా నమకచమకాలు వినిపించినంతగా ఈ భాగం మన చెవిన పడదు. అగ్నిహోత్రం చేసే గృహస్థు బండి కట్టుకుని మరో చోటికి బయల్దేరేటప్పుడు వాస్తోష్పతికి ఆహుతి ఇవ్వాలంటుంది ఆ భాగం. ఉన్న చోటికి అధిపతి అయిన ఆ వాస్తోష్పతి మరెవరో కాదు, రుద్రుడు. ఆహుతి ఇవ్వకుండా పోతే అగ్నే రుద్రుడై వెంటపడతాడని హెచ్చరిక. ఇవ్వాల్సిన వేళ గురించి చెప్పినచోట అసలు విశేషముంది. ఎద్దుల్ని కట్టేశాక ఇస్తే అప్పటికే విడిచిపోయిన చోట ఇచ్చినట్టు. కట్టకముందు ఇస్తే స్థిరంగా కాపురమున్న చోట ఇచ్చినట్టు. రెండూ చెల్లవు. కుడి ఎద్దుని కాడికి కట్టి, ఎడమ ఎద్దుని ఇంకా కట్టకుండా, ఆ నడుమ ఇవ్వాలి. ఉండటానికీ పోవడానికీ మధ్య ఒక ఘడియ ఆగమనడం ఇది. ఆ తర్వాత నిప్పుకణికల్ని మిగల్చకుండా ఆర్పి, ఇంటికి మూలమైన అగ్నిని నిప్పు చిలికే కొయ్యలైన రెండు అరణుల్లోకి ఎక్కించి తీసుకుపోవాలి. అరణులు పోతే అగ్నీ పోయినట్టే గనక దాన్ని తనలోకే ఎక్కించుకునే పద్ధతి కూడా అక్కడే చెప్పారు. ఆగమాల్లో దేవుడు గుడి మారేటప్పుడూ ఇదే తర్కం పనిచేస్తుంది. బింబంలోని శక్తిని నీళ్ల కలశంలోకి ఆవాహన చేసి తాత్కాలిక గుడి అయిన బాలాలయానికి తీసుకెళ్తారు. యాదగిరిగుట్టలో ప్రధానాలయం పునర్నిర్మాణం జరిగినన్నాళ్లూ, అంటే 2016 నుంచి 2022 మార్చి దాకా, నరసింహస్వామి బాలాలయంలోనే పూజలందుకున్నాడు. ఇంటిదైనా గుడిదైనా, కదిలేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది దానికి మూలమేమిటన్నది. తక్కినవన్నీ దాని తర్వాత. మనం ఈ సంప్రదాయంలో సగమే మిగుల్చుకున్నాం. కొత్తింట్లో అడుగుపెట్టడానికి ముహూర్తం, ఆవు, పొంగే పాలు, సత్యనారాయణ వ్రతం, ఆషాఢం మూఢం అడ్డురాకుండా పంచాంగం తిరగేయడం, అన్నీ ఉన్నాయి. విడిచే ఇంటి దగ్గర చెప్పుకోదగ్గ తంతంటూ లేదు. కరెంటు బిల్లు కట్టి తాళం చెవి ఇచ్చేస్తే అయిపోయింది.

ఇంకొంచెం దగ్గరి ఆధారం హోమంలోనే ఉంది. ఆహుతి అగ్నిలో పడగానే యజమాని ఒక మాట అంటాడు. ఇది ఫలానా దేవతది, నాది కాదు అని దాని తాత్పర్యం. ఇంట్లో చిన్న గణపతి హోమం చేయించినవాళ్లు కూడా ఈ మాట అని ఉంటారు, అర్థం పట్టించుకున్నా లేకపోయినా. రెండు సంగతులు ఇక్కడ గమనించాలి. మొదటిది, ఆ మాట ఆహుతి ఆహుతికీ అనాలి, ఒక్కోసారి ఒక్కో దేవత పేరు చెప్పి మరీ. మొదట్లో ఒకసారి, ఇక్కడున్న నెయ్యి అంతా దేవతలదే, నాది కాదు అనేసి కూర్చుంటే పోయేదానికి ఇన్నిసార్లు ఎందుకనిపించారు? గుత్తగా వదులుకోవడం మాటల్లో ఎంత తేలికో, మాటల్లోనే ఆగిపోవడం కూడా అంతే తేలికని కర్మకాండ తెలిసినవాళ్లకి తెలుసు. రెండోది నా వాదానికి ఇంకా ముఖ్యం. శ్రౌత యాగాల్లో నెయ్యి తేవడం, స్రుక్కు అనే కొయ్య గరిటెతో అగ్నిలో వేయడం అధ్వర్యుడనే ఋత్విక్కు పని. దక్షిణ ఇచ్చి అతన్ని పెట్టుకుంటారు. నాది కాదనే మాట మాత్రం అధ్వర్యుడు అనడానికి వీల్లేదు, యజమానే అనాలి. చేతి పనిని ఇంకొకరికి అప్పగించవచ్చు, త్యాగాన్ని అప్పగించకూడదు. వస్తువు మీద హక్కున్నవాడే దాన్ని వదలగలడు గనక. ఇదంతా ఇంటి సామానుకి అన్వయిస్తే, బీరువా మోయడానికి కూలీలని పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. బీరువా తెరిచి అందులో ఏం వెళ్లాలో ఏం వెళ్లకూడదో తేల్చడం దగ్గరే కిరాయి మనిషి పనికిరాడు. నిర్ణయం చెయ్యాలంటే వస్తువుని చూడాలి, పట్టుకోవాలి. పట్టుకున్నాక పెట్టెలో పెట్టడానికి ఇంకో అర నిమిషం. అందుకే ఆచరణలో తేల్చడం, సర్దడం విడదీయరాకుండా కలిసిపోతాయి.

అంతా ఇచ్చేయడమన్నది కూడా లెక్క తేలితేనే కుదురుతుందని మీమాంసకులు చూపించారు. విశ్వజిత్తనే యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇచ్చేయాలి. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం ఏడో పాదంలో దీని మీద పెద్ద చర్చే నడిచింది. సర్వస్వమంటే ఏమేమిటి? నా తల్లి, నా తండ్రి అంటాం గదా, వాళ్లనీ ఇవ్వాలా? అక్కర్లేదు, ఆ సంబంధం యాజమాన్యం కాదు. రాజు భూమినంతా ఇచ్చేయవచ్చా? కుదరదు, అతను దాన్ని కాపాడేవాడే గాని దానికి యజమాని కాదు. అంతా అని నోరారా అనేసినవాడిని కూర్చోబెట్టి పట్టీ రాయించినట్టుంటుంది ఈ చర్చ. అలా రాయిస్తే గాని తెలియదు, నావి అనుకున్నవాటిలో ఎన్ని తనవి కావో. కఠోపనిషత్తు ఇదే యాగాన్ని అవతలి వైపు నుంచి చూపిస్తుంది. వాజశ్రవసుడు సర్వస్వం ఇచ్చేస్తున్నాడు. అతని కొడుకు నచికేతుడు దక్షిణకి తోలుకెళ్తున్న ఆవుల్ని చూస్తాడు. తాగాల్సిన నీళ్లు తాగేసినవి, మేయాల్సిన గడ్డి మేసేసినవి, పాలు పూర్తిగా పిండేసినవి, ఇక ఈనే ఓపిక లేనివి. ఇలాంటి దానం చేసేవాడు ఆనందం లేని లోకాలకి పోతాడని ఆ పిల్లవాడికి తోస్తుంది. అక్కణ్ణుంచే, నన్నెవరికిస్తావని తండ్రిని అడగడం, యముడి ఇంటికి ప్రయాణం. ఉపనిషత్తులో ఆత్మవిద్య ఎంత గొప్పగా ఉన్నా, దానికి తలుపు తెరిచింది సామాను పరిశీలనే. ఇల్లు మారే వారంలో అనాథాశ్రమాల గుమ్మాల ముందు దించే సంచుల్ని చూస్తే వాజశ్రవసుడి గోవులు గుర్తురాక మానవు. జిప్పు ఊడిన ప్యాంట్లు, ఒంటి చెవి తెగిన బొమ్మలు, పేజీలు ఊడొచ్చిన ఎంసెట్ గైడ్లు. మనం వదిలించుకోవడాన్ని అవతలివాళ్లకి ఉపకారంగా చూపించుకోవడం నచికేతుడు పట్టుకున్న దోషమే. సంచిని కళ్లు మూసుకుని నింపేసినవాడికి ఆ దోషం కనబడదు. విడివిడిగా తీసి చూసేవాడికి కనబడుతుంది.

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం ఒకటుంది. అపరిగ్రహం మనసుకి సంబంధించింది, గిన్నెలూ దుప్పట్లూ లెక్కపెట్టుకోవడంలో ఏముంది, జనకుడు రాజ్యమేలుతూనే జీవన్ముక్తుడు కాలేదా అంటారు. మిథిల తగలబడిపోయినా నాదేమీ తగలబడదన్న జనకుడి మాట లోకంలో బాగా చెల్లుబాటయింది. ఆ మాట మహాభారతంలోనే కాక బౌద్ధుల మహాజనక జాతకంలోనూ జైనుల ఉత్తరాధ్యయన సూత్రంలోనూ ఉంది. తేడా మాత్రం గమనించదగ్గది. జాతకంలో ఆ మాట అన్న రాజు రాజ్యం విడిచి నడిచిపోతున్నాడు. రాణి సీవలి అతన్ని వెనక్కి రప్పించాలని మంటలు పెట్టిస్తుంది. ఉత్తరాధ్యయనంలో నమిరాజర్షి కూడా ప్రవ్రజ్యకి బయల్దేరినవాడే. ఇంద్రుడు అతన్ని పరీక్షిస్తాడు. వాళ్లు నోటితో అన్నదాన్ని కాళ్లతో నిరూపిస్తున్నారు. సింహాసనం మీద కూర్చుని అదే మాట అన్నవాడికి రుజువేమిటి? ఈ ప్రశ్న నాది కాదు, శాంతిపర్వంలో సులభ అనే భిక్షుకి ధర్మధ్వజ జనకుణ్ణి నిలదీసింది ఈ విషయమ్మీదే. ఒక చేతికి గంధం పూసినా ఇంకో చేతిని నరికినా నాకు సమానమేనని జనకుడు చెప్పుకుంటాడు. ఆమె అతని యాజమాన్యాన్నే విప్పి చూపిస్తుంది. ఇంత రాజ్యమున్నా నువ్వుండేది ఒక పట్టణంలో, అందులో ఒక ఇంట్లో, అందులో ఒక పడక మీద, ఆ పడకలోనూ సగం భార్యది అని. అతనికి అంతా ఉందన్నదీ నిజం కాదు, అంతా విడిచాడన్నదీ నిజం కాదు. పట్టీ రాస్తే రెండు భ్రమలూ ఒకేసారి పోతాయి. మనసులో వైరాగ్యముంది చాలు అనేవాళ్లకి నా జవాబు కూడా ఇదే. ఉండవచ్చు. కాని అటక మీద ఇరవై ఏళ్లుగా విప్పని మూటలున్న మనిషికి ఆ సంగతి తనకైనా ఎలా తెలుస్తుంది? మూట విప్పితే ఒక చిన్న పరీక్ష జరుగుతుంది. దాన్ని తప్పించుకుపోయే వైరాగ్యాన్ని వైరాగ్యమని పిలవడానికి నాకు సందేహం.

జైనులు ఈ చిక్కుని మరింత నిక్కచ్చిగా పట్టుకున్నారు. పరిగ్రహం వస్తువులో లేదు, దాని మీది మోహంలో ఉందని ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం నిర్వచించింది. మనసే ముఖ్యమనేవాళ్లకి ఇంతకంటే మంచి సూత్రం దొరకదు. అయినా ఆ సూత్రాన్ని గౌరవించే సాధువులు దాన్ని సాకు చేసుకుని ఇళ్లు నింపుకోలేదు. మోహం లేకుండా ఉంచుకున్న గుడ్డ పరిగ్రహం కాదని శ్వేతాంబరులు, గుడ్డ ఉన్నంతకాలం మోహం పూర్తిగా పోయిందనడానికి లేదని దిగంబరులు వాదించుకున్నారు. వాదం ఎక్కడిదాకా వచ్చిందో చూడండి, ఒక్క గుడ్డ దాకా. బౌద్ధ భిక్షువుకి అనుమతించిన పరికరాలు ఎనిమిది. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, క్షౌరపు కత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడగట్టే గుడ్డ. సూదిని కూడా పేరు పెట్టి చెప్పారంటే, పట్టీలో లేనిది ఏదో ఒకరోజు చేతిసంచీలో చేరుతుందన్న అనుభవం వాళ్లకుందన్నమాట. సంసారికి ఎనిమిది పనికిరావు, వాదన కోసమైనా అలా అనను. అయితే బయటి నుంచి ఒక హద్దు విధిస్తే గృహస్థులు కూడా ఎంత చురుగ్గా ఆలోచిస్తారో అమెరికా ప్రయాణాలు చూపిస్తాయి. చాలా విమానాల్లో పెద్ద పెట్టెలు రెండు, ఒక్కోటి 23 కిలోలు. తెలుగిళ్లల్లో ఆ వారం తూకం యంత్రం మీద పెట్టె ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ప్రెషర్ కుక్కరా, కందిపొడా, గోంగూర పచ్చడి ఇంకో పొట్లమా, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి దీపపు కుందా. కుంది ఉండాలంటే స్వెటరు తీయాలి. ఈ బేరంలో మనిషికి తన విలువల వరస బయటపడుతుంది, తను పైకి చెప్పుకునే వరసకీ దీనికీ పొంతన ఉండకపోవచ్చు కూడా. లారీలో ఎంతైనా పడుతుంది గనక ఊళ్లో ఇల్లు మారేవాడికి ఈ జ్ఞానం దక్కదు.

మనసు చాలన్నదానికంటే బరువైన అభ్యంతరం ఆడవాళ్లది. మీరు తత్త్వమంటున్న ఈ పని ఇంట్లో ఎవరి నడుము మీద పడుతుందో తెలుసా అని వాళ్లడిగితే తల దించుకోవాల్సిందే. గిన్నెలు కాగితాల్లో చుట్టేదీ, పప్పు డబ్బాలకి మూతలు బిగించేదీ, పిల్లల టీకా కార్డులు ఏ కవర్లో ఉన్నాయో గుర్తుపెట్టుకునేదీ ఎక్కువ ఇళ్లల్లో ఆమే. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు ఇల్లు విడిచి పోతూ భార్య మైత్రేయిని పిలిచి, నీకూ నీ సవతి కాత్యాయనికీ పంపకం చేసి పోతానంటాడు. ధనమంతా ఉన్నా అమృతత్వం రాదని తెలిశాక నాకెందుకది, నువ్వు తెలుసుకున్నదేదో చెప్పమంటుంది మైత్రేయి. ఆ సంభాషణ మన తత్త్వశాస్త్రంలో శిఖరం. కాత్యాయనికి మాత్రం మామూలు ఆడవాళ్ల తెలివే ఉండేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. మైత్రేయి వద్దన్న వాటాతో సహా ఇంటి సామానంతా ఎవరి పాలబడిందో అడగాలని ఎవరికీ తట్టలేదు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చను. పైగా నా వాదం దీనితో బలపడుతుందనే అనుకుంటున్నాను. ఎవరి వస్తువుల్ని వాళ్లు సర్దుకోవాలన్నప్పుడు, అన్నీ ఒక్కరే సర్దడం ఆ సూత్రానికే విరుద్ధం. ఏముంచాలో ఏం తీసేయాలో నీ ఇష్టం, నువ్వే చూసుకో అని పేపరు వెనక్కి జారుకునే భర్త ఉదారంగా కనిపిస్తాడు గాని, అతను తన త్యాగాన్ని కూడా ఇంకొకరి చేత చేయిస్తున్న యజమాని. యాజ్ఞవల్క్యుడు కనీసం పంపకం మాట ఎత్తాడు. ఇక ఆమె పుట్టింటి నుంచి సారెగా వచ్చినవి స్త్రీధనం. వాటి మీద భర్తకి హక్కు లేదని స్మృతులకీ తెలుసు, 1956 హిందూ వారసత్వ చట్టానికీ తెలుసు. తనవి కానివాటిని పాతసామాను బండికి వేసి నాకు మోహం లేదనడం వైరాగ్యం కాదు, విశ్వజిత్తులో కన్నతల్లిని దక్షిణగా ఇవ్వబోవడమే. ట్రాలీ ఆటోలో ఒక్క విడతకే కాపురమంతా సరిపోయే పేదవాళ్ల మాట వేరు. వాళ్లకి వదులుకోవడానికేమీ లేదు, లేమిని వైరాగ్యమని వర్ణించే హక్కు మనకీ లేదు.

ఇష్టంలేని ఖాళీ సంగతి ఇంకా వేరు. శ్రీశైలం జలాశయం కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో జనాన్ని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. చాళుక్యుల కాలపు గుడి గనక అది చేయాల్సిన పనే. ఊళ్లవాళ్లకి మాత్రం తలుపులూ దూలాలూ ఊడదీసుకునే వ్యవధి కూడా సరిగ్గా దక్కలేదన్నది ఆ తరం చెప్పుకున్న బాధ. తొందరపెట్టి, భయపెట్టి సామాను కట్టించిన చోట నేను చెబుతున్న పరీక్ష జరగదు. తైత్తిరీయం చెప్పిన ఆ నడిమి ఘడియ, కుడి ఎద్దుకీ ఎడమ ఎద్దుకీ మధ్యది, వాళ్ల నుంచి లాగేసుకున్నారు. దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. వ్యవధి ఉండటం, నిర్ణయం తన చేతిలో ఉండటం త్యాగానికి ముందు షరతులు. పోగొట్టుకోవడానికీ వదులుకోవడానికీ బయటినుంచి చూస్తే తేడా తెలియదు, రెండింట్లోనూ వస్తువు పోతుంది. నిర్వాసితులకి ఆస్తి మీద అంత మోహమేమిటని ఎవరైనా వేదాంతం చెబితే అది వేదాంతానికే అవమానం.

పోయినవాళ్ల వస్తువుల దగ్గర వాదం మెత్తబడుతుంది. మెత్తబడాలి కూడా. నాన్నగారి కళ్లజోడు, అమ్మ వాడిన కత్తిపీట, తాతగారి దస్తూరీతో ఉన్న జమాఖర్చుల పుస్తకం. ఇవి వస్తువులు కావు జ్ఞాపకాలు, వీటిని ఏరిపారేయమనడం క్రూరత్వం కాదా అని అడుగుతారు. ఏరిపారేయమని ఎవరూ అనడం లేదు, ఏరమనే అంటున్నాను. మన ఇళ్లల్లో దీనికి పనికొచ్చే అలవాటు ఒకటుంది, స్టీలు గిన్నెల అంచున పేర్లు చెక్కించడం. ఫలానావారి పెళ్లికి ఫలానావారు, తేదీ. సర్దేటప్పుడు ఆ అక్షరాల మీద వేలు ఆగుతుంది. ఈ గిన్నె ఇచ్చినావిడ ఇప్పుడు ఎక్కడుంది, వాళ్లింట పెళ్లికి మనం ఏమిచ్చాం, ఆ రాకపోకలు ఎందుకాగిపోయాయి? గిన్నె తన యజమానికంటే ఎక్కువమందికి చెందిందని దాని అంచే చెబుతోంది. నేను వైరాగ్యమంటున్నదానిలో ఇదీ భాగమే. వస్తువు నాది కాదని తెలియడమంటే శూన్యంలోకి విసిరేయడమని ఎందుకనుకోవాలి? హోమంలో కూడా నాది కాదన్న మాటకి ముందు ఎవరిదో చెబుతారు గదా. కత్తిపీట అమ్మదైతే, దాని విలువ తెలిసిన చెల్లెలికి చేరవచ్చు. జమాఖర్చుల పుస్తకం ఊరి చరిత్ర రాసేవాడికి ఉపయోగపడవచ్చు. ఏమీ తోచకపోతే మనతోనే రావచ్చు, కాని తెలిసి రావాలి. అడగకుండా, చూడకుండా, అట్టపెట్టె మీద ఇతరములు అని రాసి కొత్తింటి అటక మీదికి ఎక్కించిన వస్తువుకి జ్ఞాపకమన్న పేరు అతకదు. దాన్ని గుర్తుపెట్టుకున్నవారే లేరు.

చివరిగా నాకు నేను చెప్పుకోవాల్సిన అభ్యంతరం మిగిలింది. చేత్తో పట్టుకుంటే మోహం తగ్గుతుందని ఎవరన్నారు? పెరగొచ్చు. ఇచ్చేద్దామని పక్కన పెట్టిన పాత పట్టుచీర మడత విప్పగానే మళ్లీ పెట్టెలోకి వెళ్లడం ప్రతి ఇంటా జరిగేదే. నాలుగు రోజులు తన చేతుల్తోనే సర్దుకుని, పగిలిన మగ్గుతో సహా అన్నీ మోసుకుపోయేవాళ్లున్నారు. ఇది నిజం. తాకడం వైరాగ్యానికి హామీ ఇవ్వదు. పరీక్ష రాసినంత మాత్రాన పాసవుతామని ఎవరూ చెప్పలేరు. నేననేదల్లా, రాయనివాడికి ఆ అవకాశమే లేదని. అయినా తైత్తిరీయం ఈ ప్రమాదాన్ని కూడా ఊహించినట్టుంది. వాస్తోష్పతికి ఆహుతి ఇచ్చాక బండి మీద సామాను పెట్టకూడదని అక్కడే ఒక నియమముంది. అలా పెడితే రుద్రుణ్ణి ఇంటి సామానుతో పాటు ఎక్కించుకుపోయినట్టేనట. అంటే ఏం తీసుకెళ్లాలన్న ఎంపిక ఆహుతికి ముందే ముగియాలి. ముగిసిందని ఒప్పుకోవడమే ఆ ఆహుతి. ఆ తర్వాత గుర్తొచ్చింది ఎంత మంచిదైనా, లారీ స్టార్టయ్యాక దొడ్లోంచి పరుగెత్తుకొచ్చి పైన పడేసే బకెట్టు లాంటిది, లెక్కలోకి రానిది. ఇప్పుడు ఆహుతులిచ్చేవాళ్లు లేకపోవచ్చు, కాని ఒక గడువు పెట్టుకోవడం ఎవరికైనా సాధ్యమే. ముందురోజు రాత్రి ఇంతటితో సర్దడం అయిపోయిందని అనుకుని, మిగిలినవి ఎవరికి చేరాలో ఇంట్లోవాళ్లంతా కూర్చుని తేల్చుకోవచ్చు. తెల్లారి లారీ కుర్రాళ్లు వచ్చి, ఇవి కూడా ఎక్కించమంటారా సార్ అని గోడవారనున్న వాటిని చూపిస్తే, అవి మావి కావు, కింద వాచ్‌మన్ వాళ్లవి, పైయింటి మామ్మగారివి అని పేర్లు చెప్పగలగాలి.